ఉగాండా వెళ్లే తమ్ముడికి మలేరియా మాత్ర: లారియాగో ఎందుకు పనికిరాదు, మరి ఏది వాడాలి?

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను, ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి. మీ తమ్ముడికి 34 ఏళ్లు. బంగారుపాళ్యం వైపు మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో మెషీన్ల మెయింటెనెన్స్ చూస్తాడు. ఇప్పుడు ఉగాండాలో, కంపాలా దగ్గర ఒక జ్యూస్ ఫ్యాక్టరీలో 11 నెలల కాంట్రాక్టు వచ్చింది. ఇంకో 3 వారాల్లో ఫ్లైటు. చిత్తూరులో మెడికల్ షాపులో అడిగితే లారియాగో స్ట్రిప్పులు చేతిలో పెట్టి వారానికోసారి వేసుకోమన్నారు. ఆఫ్రికాలో పనిచేసి వచ్చిన స్నేహితుడు లారియం వేసుకోమన్నాడు. పంపే కన్సల్టెన్సీ వాళ్లేమో, "మనకు దోమలేమన్నా కొత్తా, ఏమీ అక్కర్లేదు" అన్నారు. మీ మరదలు 4 నెలల గర్భిణి, మూడేళ్ల పాప ఉంది. తమ్ముడు అక్కడ కుదురుకున్నాక ఓ నెల వాళ్లిద్దరూ వెళ్లొస్తే బాగుంటుందని ఇంట్లో అనుకుంటున్నారు. చివర్లో, చెప్పీ చెప్పనట్టుగా, నాన్న పోయాక తమ్ముడు ఒక ఏడాది నిద్రమాత్రలు వాడాడనీ, ఇప్పటికీ అప్పుడప్పుడు ఒకటి వేసుకుంటాడనీ రాశారు.

ఆ ఆఖరి వాక్యమే నాకు అన్నిటికన్నా పనికొచ్చింది. మీరు అది రాయకపోయి ఉంటే నేను వేరే మాత్ర చెప్పేవాణ్ని.

నేను తిరుపతిలో 28 ఏళ్లుగా జనరల్ మెడిసిన్ చూస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో కువైట్, దుబాయ్ వెళ్లేవాళ్లే ఎక్కువ, వాళ్లకు ఈ మాత్రల గొడవ లేదు. ఈ మధ్య పల్ప్ ఫ్యాక్టరీల నుంచి, కుప్పం గ్రానైట్ క్వారీల నుంచి, బోర్ల రిగ్గుల మీద ఆఫ్రికా వెళ్లేవాళ్లు కనబడుతున్నారు. వాళ్లలో సగం మంది వెళ్లేముందు రారు, తిరిగొచ్చాక జ్వరంతో వస్తారు. అందుకే మీరు ముందే అడిగినందుకు కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. తమ్ముడికి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకొకటి. బయల్దేరడానికి 2 రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్న ప్రతిరోజూ వేసుకుని, తిరిగొచ్చాక ఇంకా 4 వారాలు వేసుకోవాలి. మరదలు ఈ కాన్పు అయ్యేదాకా వెళ్లకపోవడమే మంచిది. లారియాగో షాపులో వెనక్కి ఇచ్చేయండి.

లారియాగో, లారియం పేర్లు అక్కాచెల్లెళ్లలా వినిపిస్తాయి గానీ లోపలున్న మందులు వేరు. లారియాగో అంటే క్లోరోక్విన్. లారియం అంటే మెఫ్లోక్విన్. స్నేహితుడు ఫోన్‌లో లారియం అని చెప్పడం, షాపులో అది లారియాగోగా వినబడటం నేను ఇంతకుముందు కూడా చూశాను. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదివే అలవాటు మనలో చాలామందికి లేదు. ఈసారైనా చదవండి.

క్లోరోక్విన్ చెడ్డ మందు కాదు. మన దగ్గర ఎక్కువగా కనిపించే వైవాక్స్ మలేరియాకు ఇప్పటికీ దానితోనే వైద్యం చేస్తాం. షాపతనికి తెలిసిన మలేరియా అదే, కాబట్టి ఆయన్ని మరీ తప్పుపట్టను. కానీ ఉగాండాలో కుట్టే దోమ మోసుకొచ్చేది ప్రధానంగా ఫాల్సిపేరం అనే జాతి పరాన్నజీవిని. మెదడుకు ఎక్కేది, కిడ్నీలు ఆపేసేది, చంపేది చాలావరకు అదే. క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపేరం తూర్పు ఆఫ్రికాలో 1978లోనే బయటపడింది, తర్వాత ఖండమంతా పాకింది. ఇంటర్నెట్‌లో వెతికితే ఒక మెలిక కూడా కనబడుతుంది: మలావీ దేశం 1993లో క్లోరోక్విన్ వాడకం మానేశాక, కొన్నేళ్లకు అక్కడి పరాన్నజీవి మళ్లీ ఆ మందుకు లొంగడం మొదలుపెట్టింది. అది నిజమే, చాలా ఆసక్తికరమైన సంగతి కూడా. అయినా దాన్ని చూసి ఆఫ్రికా ప్రయాణానికి క్లోరోక్విన్ చాలని ఎవరూ సలహా ఇవ్వడం లేదు. నివారణకు అది ఇప్పుడు పనికొచ్చేది హైతీ, డొమినికన్ రిపబ్లిక్, మధ్య అమెరికా లాంటి కొద్ది చోట్లే.

కన్సల్టెన్సీ వాళ్ల మాట గురించి. మన ఒంటికి దోమకాటు అలవాటే, మలేరియా అలవాటు కాదు. మలేరియాను కొంత తట్టుకునే శక్తి చిన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ఆ జబ్బు పడ్డవాళ్లకు వస్తుంది. అది కూడా పూర్తిగా కాదు, ఆ ఊరు వదిలితే తగ్గిపోతుంది. తిరుపతిలో, చిత్తూరులో పెరిగిన మనిషికి డెంగీ తెలిసి ఉంటుంది గానీ మలేరియా తగలని వాళ్లే ఎక్కువ. మన రాష్ట్రంలో అది బాగా ఉన్నది పాడేరు, పార్వతీపురం వైపు ఏజెన్సీలో. అక్కడ పుట్టి పెరిగినవాడు కూడా ఉగాండా వెళ్తే మాత్ర వేసుకోవాల్సిందే.

ఇంకోటి, కంపాలా చల్లగా ఉంటుందనీ అక్కడ దోమలుండవనీ కూడా అంటారు. కంపాలా సుమారు 1200 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే దాదాపు మన హార్స్‌లీ హిల్స్ అంత. సాయంత్రాలు హాయిగానే ఉంటాయి. కానీ భూమధ్యరేఖ పక్కనే ఉన్న ఊరు కాబట్టి ఆ ఎత్తులో కూడా దోమకు, దాని లోపలి పరాన్నజీవికి సరిపడా వెచ్చదనం ఏడాది పొడుగునా ఉంటుంది. మీ తమ్ముడిది ఫ్యాక్టరీ పని, సీజన్‌లో నైట్ షిఫ్టులు తప్పవు. మలేరియా దోమ కుట్టేది సందెవేళ నుంచి తెల్లారేలోపు. అంటే అందరూ దోమతెరలో ఉండే వేళకు ఇతను జ్యూస్ తీపివాసన మధ్య, లైట్ల కింద బయట ఉంటాడు.

ఇప్పుడు ఏ మాత్ర అన్న విషయం. దీనికి ముందు, మాత్రలు లోపల ఏం చేస్తాయో ఒక్క ముక్క తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. దోమ కుట్టగానే పరాన్నజీవి రక్తంలో ఉండిపోదు, నిమిషాల్లో వెళ్లి కాలేయంలో దాక్కుంటుంది. అక్కడ వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు పెరిగి, వేల సంఖ్యలో రక్తంలోకి దిగుతుంది. జ్వరం అప్పుడే. డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్, క్లోరోక్విన్ ఇవన్నీ ప్రధానంగా రక్తంలోకి దిగాక కాపు కాసి చంపేవి. అందుకని చివరి రోజు కుట్టిన దోమ లెక్క కూడా తేలేదాకా, తిరిగొచ్చాక 4 వారాలు వేసుకోవాలి. అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిపిన మాత్ర కాలేయంలోనే పట్టుకుంటుంది, కాబట్టి దానికి 7 రోజులు చాలు.

ఈ 4 వారాల దగ్గరే మనవాళ్లు దెబ్బ తింటారు. కుప్పం వైపు క్వారీలో పనిచేసిన ఒకాయన మొజాంబిక్‌లో 8 నెలలు ఉన్నాడు. చాలా పద్ధతి మనిషి, డాక్సీసైక్లిన్ ఒక్కరోజు తప్పలేదట. చెన్నైలో దిగిన రోజే స్ట్రిప్పు పక్కన పడేశాడు, ఇంటికొచ్చేశాను కదా అని. 18వ రోజు చలి జ్వరం. ఊళ్లో ఒక క్లినిక్‌లో చూపించుకుంటే ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి, టైఫాయిడ్‌కు చేసే వైడాల్ పరీక్ష పాజిటివ్ వచ్చింది. డెంగీ సీజన్ కూడా. ఇక బొప్పాయి ఆకు రసం, సెలైన్, టైఫాయిడ్ ఇంజెక్షన్లు, 4 రోజులు. ఎక్కడి నుంచి వచ్చావని అడిగినవాళ్లు లేరు, ఈయన చెప్పలేదు. అయిదో రోజు మా దగ్గరికి తెచ్చేసరికి కళ్లు పసుపు, మూత్రం కాఫీ డికాక్షన్ రంగు, పిలిస్తే మూలుగుతున్నాడు. స్లైడ్ చూస్తే ఫాల్సిపేరం ఉంగరాలు నిండా. మలేరియాకు ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు, 2 వారాలు డయాలసిస్. బతికాడు. ఆయన భార్య డిశ్చార్జి రోజు నన్ను అడిగింది, "8 నెలలు వేసుకున్న మాత్ర 4 వారాలు వేసుకోలేకపోయాడా సార్" అని. మాత్ర ఆపేయడం ఆయన తప్పు కాదు. స్ట్రిప్పులిచ్చినవాళ్లు తిరిగొచ్చాక కూడా వాడాలని చెప్పలేదు.

మెఫ్లోక్విన్ దగ్గరికొస్తాను, ఎందుకంటే మీరు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ పేరు రావచ్చు. మన జాతీయ మలేరియా కార్యక్రమం మార్గదర్శకాల్లో 6 వారాల లోపు ప్రయాణానికి డాక్సీసైక్లిన్, అంతకన్నా ఎక్కువ కాలానికి మెఫ్లోక్విన్ అని ఉంది. 11 నెలలు అనగానే డాక్టరు మెఫ్లోక్విన్ రాస్తే అది పుస్తక ప్రకారం సరైనదే. వారానికి ఒక్క 250 మిల్లీగ్రాముల మాత్ర, చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు, మర్చిపోయే అవకాశమూ తక్కువ. కానీ కొందరిలో అది మనసు మీద పనిచేస్తుంది. భయంకరమైన కలలు, నిద్ర పట్టకపోవడం, కారణం లేని భయం, దిగులు, తల తిరగడం. అరుదుగా మనుషుల్ని అనుమానించేదాకా వెళ్తుంది, మందు ఆపినా కొన్ని లక్షణాలు చాలాకాలం ఉండిపోవచ్చు. 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద తన దగ్గరున్న అన్నిటికన్నా గట్టి హెచ్చరిక పెట్టించింది. డిప్రెషన్, ఆందోళన జబ్బు ఉన్నవాళ్లకూ, గతంలో ఉన్నవాళ్లకూ, ఫిట్స్ ఉన్నవాళ్లకూ, గుండె కొట్టుకోవడంలో తేడాలున్నవాళ్లకూ ఇది ఇవ్వకూడదని మన జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

మన దగ్గర చిక్కేమిటంటే, ఈ ప్రశ్నకు ఎవరూ నిజం చెప్పరు. "డిప్రెషన్ ఉందా?" అంటే లేదంటారు. "సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లారా?" అంటే కోపం కూడా వస్తుంది. అందుకే నేను అలా అడగడం మానేశాను. ఎప్పుడైనా నిద్రకు మాత్ర వేసుకున్నారా, గుండె దడ అని ఎవరికైనా చూపించుకున్నారా, ఇంట్లో ఎవరైనా పోయాక కొన్నాళ్లు మందులు వాడారా అని అడుగుతాను. సగం మంది అప్పుడు చెబుతారు. మీరు నిద్రమాత్ర అని రాసినది ఊరికే నిద్రమాత్ర అయి ఉండకపోవచ్చు. ఏడాది పాటు రాశారంటే దిగులుకో ఆందోళనకో ఇచ్చినదే అయి ఉంటుందని నా అనుమానం. పైగా మనిషి మొదటిసారి ఒంటరిగా పరాయి దేశం వెళ్తున్నాడు, భార్య గర్భిణి, నైట్ షిఫ్టులు. అక్కడ నిద్ర చెడితే అది ఇంటిమీద బెంగా, మాత్రా అని తేల్చడం ఎవరి వల్లా కాదు. అలాంటి చోట మెఫ్లోక్విన్ పెట్టను. అందులో నాకు రెండో ఆలోచన లేదు.

మెఫ్లోక్విన్ సరిపోయే ఇంకొకరెవరైనా ఇది చదువుతుంటే ఒక మాట: బయల్దేరడానికి కనీసం 2 వారాల ముందు, వీలైతే 3 వారాల ముందు మొదలుపెట్టండి. తేడా చేసేవాళ్లలో చాలామందికి మొదటి మూడు మోతాదుల్లోనే తెలిసిపోతుంది. ఇంట్లో ఉండగానే తెలిస్తే మార్చుకోవచ్చు.

అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ మాత్ర గురించి మీరు అడగలేదు గానీ, డబ్బు, దొరకడం అనే రెండు అడ్డంకులు లేకపోతే చిన్న ప్రయాణాలకు నాకు ఇష్టమైనది అదే. విదేశాల్లో మలరోన్ పేరుతో ఎక్కువ తెలుసు. పెద్దవాళ్లకు రోజుకొకటి, ముందు 1, 2 రోజులు, తర్వాత 7 రోజులు. కొవ్వు ఉన్న తిండితోనో పాలతోనో వేసుకోవాలి, లేకపోతే ఒంట్లోకి సరిగా ఎక్కదు. ఇబ్బందులు తక్కువ. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు పనికిరాదు. మన చిత్తూరు, తిరుపతి షాపుల్లో అడిగిన వెంటనే దొరికే సరుకు కాదు, తెప్పించుకోవాలి, ఖరీదు కూడా ఎక్కువ. వారం పది రోజులు టూర్ వెళ్లేవాళ్లయితే ఆ ఖర్చు పెట్టమంటాను. 11 నెలలు రోజూ అంటే మీ తమ్ముడి జీతంలో అది కనబడుతుంది. డబ్బు చాలక నాలుగో నెలలో ఆపేసే మంచి మాత్ర కన్నా, చివరిదాకా వేసుకునే చవక మాత్ర వెయ్యి రెట్లు నయం.

ప్రైమాక్విన్, టాఫెనోక్విన్ కూడా నివారణకు వాడే దేశాలున్నాయి. వాటికి ముందు జీ6పీడీ అనే ఎంజైము రక్తపరీక్ష తప్పనిసరి, ఆ ఎంజైము లోపం ఉన్నవాళ్లలో ఎర్రకణాలు పగిలిపోతాయి. మీ తమ్ముడికి వాటి అవసరం లేదు.

కాబట్టి డాక్సీసైక్లిన్. 6 వారాలు దాటితే వాడకూడదా అని మీకు సందేహం రావచ్చు. అదేం విషం కాదు. మొటిమలకు నెలల తరబడి రాస్తుంటాం. మలేరియా నివారణకు ఏడాది పాటు వాడటానికి బ్రిటన్, అమెరికా సలహాలు రెండూ ఒప్పుకుంటాయి. లెక్క వేస్తే ముందు 2, అక్కడ సుమారు 335, తర్వాత 28, మొత్తం 365 మాత్రలు. మన దగ్గర చవక. అన్నీ ఇక్కడే కొని, డాక్టరు చీటీతో సహా, స్ట్రిప్పుల్లోనే చేతి సంచిలో పెట్టుకుని వెళ్లాలి. డబ్బాలోకి వొలుచుకుని పోవద్దు. అక్కడ కొనుక్కుంటాలే అనుకోవద్దు, ఆఫ్రికా మార్కెట్లలో నకిలీ మందుల బెడద ఉంది. లాక్టోబాసిల్లస్ కలిపినవి ఇచ్చినా ఫరవాలేదు, ఒక్కో మాత్రలో డాక్సీసైక్లిన్ 100 ఉందా అన్నదే చూసుకోండి.

వేసుకునే పద్ధతి మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ మందును జనం మానేసేది దీని దగ్గరే. డాక్సీసైక్లిన్ గొంతు కింద ఆహారనాళంలో అతుక్కుంటే పుండు చేస్తుంది. అన్నం మింగినా గుచ్చుతున్నట్టు నొప్పి, గుండెనొప్పేమో అని పరిగెత్తేంత. మన మగవాళ్ల అలవాటు పడుకోబోయే ముందు మాత్ర నోట్లో వేసుకుని ఒక గుక్క నీళ్లు తాగి వాలిపోవడం. దీనికి అది పనికిరాదు. కడుపు నిండా తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో, తర్వాత కనీసం అరగంట నిలబడో కూర్చునో ఉండాలి. నైట్ షిఫ్ట్ మారుతూ ఉంటుంది కాబట్టి గడియారంతో కాకుండా భోజనంతో ముడిపెట్టమనండి. రోజులో పెద్ద భోజనం ఏదో దాని తర్వాత. షిఫ్టు ఏదైనా మనిషి తినడం మర్చిపోడు.

అసిడిటీ మాత్రలు, డైజిన్ లాంటి మందులు, ఐరన్, కాల్షియం బిళ్లలు దీనితో కలిపి వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. మధ్యలో 2, 3 గంటల ఎడం ఉండాలి. డాక్సీసైక్లిన్‌తో కడుపులో మంట వచ్చి దానికి డైజిన్ తాగి, ఆ డైజినే మందును అడ్డుకోవడం మామూలుగా జరిగేదే. మంట వస్తే తిండి తర్వాత వేసుకుంటున్నాడా లేదా అని ముందు అడగండి.

మీ ఇంట్లో శనివారం ఒక్కపొద్దు ఉంటారో లేదో నాకు తెలియదు. మన వైపు చాలామంది ఉంటారు కాబట్టి చెబుతున్నాను: ఆ రోజు మాత్ర మానకూడదు. ఖాళీ కడుపున వేసుకుంటే వాంతి వస్తుంది, కాబట్టి ఆ ఒక్కపూట భోజనం తర్వాత వేసుకోమనండి. వారానికి ఒకరోజు మానేస్తే ఏమవుతుందిలే అనిపిస్తుంది గానీ ఈ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, రోజూ పడితేనే కాపలా. ఎప్పుడైనా ఒకరోజు మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే ఒకటి వేసుకుని మర్నాటి నుంచి మామూలుగా కొనసాగించాలి. రెండు కలిపి మింగొద్దు.

ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది, ఇది నిజంగానే ఉంటుంది. లోపల పని కాబట్టి పెద్ద ఇబ్బంది కాదు, మధ్యాహ్నం బయట తిరిగే రోజుల్లో ఫుల్ చేతుల చొక్కా, టోపీ.

అక్కడ తమ్ముడితో పనిచేసేవాళ్లు ఒక చిట్కా చెబుతారు, ముందే హెచ్చరిస్తున్నాను: "నెలకోసారి ఆర్టెమెథర్ కోర్సు వేసుకుంటే చాలు, రోజూ మాత్రలెందుకు" అని. ఆర్టెమెథర్ లాంటి ఆర్టెమిసినిన్ జాతి మందులు మలేరియా వైద్యానికి గొప్పవి. కానీ కొన్ని గంటల్లోనే ఒంట్లోంచి వెళ్లిపోతాయి, నెలంతా కాపలా కాయలేవు. పైగా ఆ మందులకు కొంత లొంగని ఫాల్సిపేరం ఉగాండాలోనే బయటపడింది. దాన్ని ఇష్టమొచ్చినట్టు మింగడం అక్కడివాళ్లకు కూడా చెరుపే.

మరదలి సంగతి. ఇది మీకు నచ్చకపోవచ్చు, అయినా సూటిగా చెబుతాను. గర్భంలో ఫాల్సిపేరం వస్తే అది మాయలో (ప్లాసెంటాలో) చేరి కూర్చుంటుంది. తల్లికి రక్తం పడిపోతుంది, షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, బిడ్డ పోవచ్చు, బరువు తక్కువగా పుట్టవచ్చు. గర్భిణుల వైపు దోమలు ఎక్కువగా ఆకర్షితమవుతాయని కూడా గమనించారు. డాక్సీసైక్లిన్ గర్భిణులకు ఇవ్వం. అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ మాత్రను గర్భంలో వాడిన అనుభవం చాలినంత లేదని సలహా ఇవ్వరు. మిగిలేది మెఫ్లోక్విన్. తప్పనిసరి ప్రయాణమైతే అది ఇస్తారు, ఇవ్వవచ్చు కూడా. కానీ ఇది తప్పనిసరి ప్రయాణం కాదు, భర్తను చూసొచ్చే ప్రయాణం. దీనికి తోడు ఉగాండాలో అడుగుపెట్టాలంటే ఎల్లో ఫీవర్ టీకా కావాలి, అది బతికున్న వైరస్‌తో చేసిన టీకా, గర్భిణులకు మామూలుగా వేయరు. ఇన్ని అడ్డంకులు దాటుకుని వెళ్లి రోజూ టెన్షన్ పడటం కన్నా, వీడియో కాల్‌లో చూసుకోవడం నయం. కాన్పుకు అతనే రావడానికి కంపెనీతో ఇప్పుడే సెలవు మాట్లాడుకోమనండి.

అమ్మ వెళ్లనప్పుడు మూడేళ్ల పాప ఎటూ వెళ్లదు కాబట్టి ఆ మాట క్లుప్తంగా: 8 ఏళ్ల లోపు పిల్లలకు డాక్సీసైక్లిన్ వద్దు, పళ్లు రంగు మారతాయి. పిల్లలకు ఏది ఇచ్చినా బరువును బట్టే. 11 నుంచి 20 కిలోల మధ్య ఉంటే అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ పిల్లల మాత్ర రోజుకొకటి, లేదా మెఫ్లోక్విన్ పావు మాత్ర వారానికోసారి. పెద్దవాళ్ల మాత్రను కంటి అందాజాకు విరిచి పెట్టడం మాత్రం వద్దు. ఎప్పుడో తర్వాత వెళ్లాల్సి వస్తే అప్పటి బరువు చూసి రాయించుకోండి.

తమ్ముడికి కూడా ఎల్లో ఫీవర్ టీకా కావాలి, దానికే ఇప్పుడు తొందర. మాత్రలు బయల్దేరే ముందురోజుల్లో మొదలుపెట్టొచ్చు గానీ, టీకా సర్టిఫికెట్ వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. అది లేకుండా ఉగాండా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ఈ టీకా అన్నిచోట్లా వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే. వాటిలో ఒకటి చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని, పాస్‌పోర్టు తీసుకుని ఈ వారంలోనే వెళ్లమనండి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది, ఆ పసుపు రంగు పుస్తకం పారేసుకోకుండా పాస్‌పోర్టుతోనే పెట్టుకోవాలి.

పుణెలో తయారయ్యే మలేరియా టీకా ఉంది కదా అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆర్21 అనే ఆ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సిఫారసు చేసింది, సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తోంది. అది మలేరియా ఉన్న ప్రాంతాల్లో పెరిగే చిన్నపిల్లల కోసం, ప్రయాణికుల కోసం కాదు.

ఏ మాత్రా నూటికి నూరుపాళ్లు ఆపదు, కాబట్టి దోమను కూడా ఆపాలి. మందు పట్టించిన దోమతెర, సాయంత్రం నుంచి ఫుల్ ప్యాంటు, ఫుల్ చేతులు, నైట్ షిఫ్టులో చేతులకు, చీలమండలకు డీట్ లేదా పికారిడిన్ ఉన్న క్రీము. ఓడోమాస్ కూడా ఏమీ రాసుకోకపోవడం కన్నా మేలే, చెమట పట్టే పనిలో మళ్లీ మళ్లీ రాసుకోవాల్సి వస్తుంది. దోమబత్తి ఒక్కటే పెట్టుకుని సరిపెట్టుకోవద్దు.

జ్వరం వస్తే ఏం చేయాలో అతనికి గట్టిగా చెప్పి పంపండి. చేరిన మొదటి వారంలోపు వచ్చే జ్వరం మలేరియా కాదు, వేరేది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా, మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నా సరే, ఆ రోజే రక్తపరీక్ష. కంపాలాలో పరీక్ష చేసే చోట్లు చాలా ఉన్నాయి, అక్కడి డాక్టర్లకు మలేరియా మనకన్నా బాగా తెలుసు. డోలో వేసుకుని రెండు రోజులు చూద్దాం అనేది ఇక్కడి అలవాటు, అక్కడ పనికిరాదు. పాజిటివ్ వస్తే వాళ్లిచ్చే వైద్యం పూర్తిగా చేయించుకోవాలి, డాక్సీసైక్లిన్ ఎక్కువ వేసుకుంటే తగ్గదు.

తిరిగొచ్చాక మొదటి 3 నెలలు మరీ జాగ్రత్త, ఏడాది దాకా గుర్తుంచుకోవాలి. జ్వరం వస్తే తిరుపతిలో రుయాకో స్విమ్స్‌కో, చిత్తూరు వైపైతే వేలూరు సీఎంసీకో వెళ్లి, లోపలికి అడుగుపెట్టగానే చెప్పాల్సిన మొదటి మాట "నేను ఉగాండా నుంచి వచ్చాను" అని. డాక్టరు అడిగేదాకా ఆగొద్దు. ఒక స్లైడ్ నెగటివ్ వస్తే అయిపోలేదు, జ్వరం ఉంటే 12 నుంచి 24 గంటల ఎడంతో మళ్లీ చేయాలి, మూడు సార్లు. ప్లేట్‌లెట్లు తగ్గడం డెంగీలోనే కాదు, మలేరియాలోనూ మామూలే.

ఇక నాకు కావలసింది ఒకటుంది. ఆ నిద్రమాత్ర స్ట్రిప్పు వెనక ఉన్న పేరు చూసి రాయండి. మామూలు డిప్రెషన్ మాత్ర అయితే డాక్సీసైక్లిన్‌తో ఇబ్బంది లేదు. కానీ అది ఫిట్స్‌కు కూడా వాడే కార్బమజెపైన్ లాంటిదై, రోజూ వేసుకుంటుంటే డాక్సీసైక్లిన్‌ను ఒంట్లోంచి తొందరగా బయటికి పంపేస్తుంది, అప్పుడు ఖరీదైనా అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ వైపు చూడాల్సి వస్తుంది. చిన్నప్పుడు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయేమో కూడా మీ అమ్మగారిని అడగండి. తమ్ముణ్ని అడిగితే గుర్తుండదు.